డాక్టరేటు వచ్చాక పంతులమ్మ చదువు

ఏకెస్టాడ్
20 జనవరి 1974

ప్రియమైన వాల్‌బోర్గక్కకి,

నువ్వు పంపిన జున్ను నిన్న అందింది. అందిన పూటే కాఫీలో ముక్కలు వేసుకుని గిన్నె ఖాళీ చేశాను. మన ఉత్తరాది అలవాటు తెలియక, కాఫీలో జున్నేమిటని ఈ దక్షిణాది వాళ్ళు మొహం చిట్లిస్తారు. వాళ్ళ ఖర్మ.

ఒక విశేషం చెబుతాను, నవ్వకు. ఇక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు మా ఉపన్యాసకుల కోసం కొత్తగా ఒక శిక్షణ పెట్టారు. దేనికనుకున్నావు? పాఠం చెప్పడానికట! జనవరి నుంచి మే దాకా, ప్రతి గురువారం మధ్యాహ్నం. నన్ను ప్రత్యేకంగా రమ్మన్నారు. అనుభవం ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే చిన్నవాళ్ళకి ఆదర్శంగా ఉంటుందని కాబోలు. కాదనలేక ఒప్పుకున్నాను.

నేర్పేవాడి పేరు టోర్గ్‌నీ. వయసు ఇరవై తొమ్మిది. గడ్డం, నోట్లో పైపు, కాళ్ళకి చెక్క చెప్పులు. అతను వరండాలో నడుస్తుంటే గుర్రం వస్తోందేమో అనిపిస్తుంది. మొదటిరోజే కుర్చీలన్నీ గుండ్రంగా వేయించి, "మీ విద్యార్థి మీ గంట అయ్యేసరికి ఏం చేయగలగాలి? ఒక్క వాక్యంలో రాయండి" అన్నాడు. నేను చెప్పేది వృక్షశాస్త్రం కదా, నా పాఠం పేరే "నాచులు" అని రాశాను. "అది వాక్యం కాదు యోర్డిస్" అన్నాడు. అవునక్కా, పేరు పెట్టే పిలిచాడు. ఇప్పుడు అందరూ అందరినీ నువ్వనే అంటున్నారు. పద్దెనిమిదేళ్ళ పిల్లలు కూడా నన్ను "ఏం యోర్డిస్, పరీక్ష ఎప్పుడు?" అని అడుగుతున్నారు. ముందు ఒళ్ళు మండేది. ఇప్పుడు అలవాటైంది.

శిక్షణలో మమ్మల్ని జోడీలు కట్టారు. నా జోడీ సిక్స్‌టెన్ అని న్యాయశాస్త్రం చెప్పే పెద్దాయన. ఒకరి క్లాసులో ఒకరు కూర్చుని చూసి, ఎలా ఉందో చెప్పాలట. ఆయన నా చెవిలో, "మేడమ్, ఈ వయసులో మనకిదేం శిక్ష?" అన్నాడు. అప్పుడే ఆయన నాకు నచ్చాడు.

నీ కోళ్ళు ఎలా ఉన్నాయి? చలి ఎక్కువగా ఉందా?

నీ చెల్లెలు
యోర్డిస్


గ్రాన్‌త్రెస్క్
29 జనవరి

ఒసే యోర్డిస్,

చలి గురించి అడక్కు. ఇవాళ మైనస్ ఇరవై ఏడు. కోళ్ళని వంటింటి పక్క గదిలోకి తెచ్చాను. నేను రేడియో పెడితే అవి కూడా వింటున్నాయి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకోడానికి, రెండోసారి అనుమానంతో. నిన్ను ప్రత్యేకంగా రమ్మన్నారా? ముప్ఫై తొమ్మిదేళ్ళు బడి నడిపినదాన్ని నేను. "పంతులమ్మ నన్ను ప్రత్యేకంగా ముందు బెంచీలో కూర్చోమంది" అని ఇంట్లో చెప్పుకునే పిల్లల్ని ఎంతమందిని చూశానో!

నీకు గుర్తుందో లేదో. నువ్వు పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చిన వేసవిలో, అందరం భోజనాల దగ్గరుండగా, "పాఠం చెప్పడానికి రెండేళ్ళ ట్రైనింగెందుకక్కా? విషయం తెలిస్తే నోరు తెరిస్తే చాలదూ?" అన్నావు. నాన్న నీ మాటకి నవ్వాడు. ఇంట్లో ఒకరి పై చదువుకే డబ్బుందనీ, నేను పంతులమ్మల ట్రైనింగుతో సరిపెట్టుకున్నాననీ ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు. నేను నీకు ఇంకో రెండు బంగాళాదుంప ముద్దలు వడ్డించాను. ఇరవై ఎనిమిదేళ్ళు కడుపులో పెట్టుకున్నానే ఆ మాట! ఇవాళ పొయ్యి దగ్గర ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వాను. కోళ్ళు కంగారుపడ్డాయి.

ఇక వేషాలు చాలు. అసలేం జరిగిందో రాయి.

వాల్‌బోర్గ్


ఏకెస్టాడ్
10 ఫిబ్రవరి

అక్కా,

నీ దగ్గర ఏదీ దాగదు కదా. సరే, విను.

మా పరీక్ష నీకు తెలీదు. నలభై బల్లల మీద నలభై నాచులు పెడతాం. ఒక్కో బల్ల దగ్గర నిమిషంన్నర. గంట కొట్టగానే పక్క బల్లకి జరగాలి. ఇరవై పేర్లు సరిగ్గా రాస్తే పాసు. డిసెంబరులో అరవై ముగ్గురు రాశారు. నలభై ఒక్కరు తప్పారు. ఏటా దాదాపు అంతే. యోర్డిస్ పరీక్షంటే ఆషామాషీ కాదని అందరూ అనుకుంటారని నేను లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఈసారి పిల్లలు ఊరుకోలేదు. మా విభాగాధిపతికి ఉత్తరం రాశారు. అందులో మొదటి సంతకం మేరిత్ నూర్డ్‌వాల్ అనే అమ్మాయిది. ఒక్క మార్కులో తప్పింది. ఉత్తరంలో ఒక మాట నాకు కంఠతా వచ్చేసింది: "యోర్డిస్‌కి నాచులు తెలుసు. మేమున్నామని తెలీదు."

విభాగాధిపతి మర్యాదగానే చెప్పాడు: ఈ శిక్షణ పూర్తి చెయ్యి. మేలో కెమెరా ముందు పరీక్ష పాఠం ఒకటి చెప్పాలి. ఫారం మీద మూడు సంతకాలు పడాలి: టోర్గ్‌నీది, సిక్స్‌టెన్‌ది, ఒక విద్యార్థిది. మూడూ పడితే మొదటి ఏడాది క్లాసు నీదే. ఒక్కటి తక్కువైనా వచ్చే ఆగస్టు నుంచి ఆ క్లాసు కొత్త అసిస్టెంటుకి వెళ్తుంది, నువ్వు నమూనాలు దాచే ఎండుమొక్కల గదిలో బీరువాల పని చూసుకోవచ్చు. సంతకం పెట్టే ఆ విద్యార్థి ఎవరో విద్యార్థి సంఘమే ఎంచుతుంది. ఎవర్ని ఎంచారో ఊహించగలవు. ఆ మేరిత్‌నే.

మొన్న గురువారం మా అందరినీ తలా ఎనిమిది నిమిషాలు పాఠం చెప్పించి, ఫిల్ము తీసి, టీవీలో వేసి చూపించారు. అక్కా, ఎనిమిది నిమిషాల్లో ఏడు నిమిషాలు నా వీపే! స్వెటరుకి వెనక ఒక కుట్టు ఊడిందని కూడా అప్పుడే తెలిసింది. ఆ ఆడమనిషి నల్లబల్లతో మాట్లాడుతోంది. ఎంతో ప్రేమగా మాట్లాడుతోంది పాపం. గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బావుండేది. టోర్గ్‌నీ పైపు తీసి, "యోర్డిస్, నీకేం కనిపించింది?" అన్నాడు. "కుట్టు ఊడింది" అన్నాను. తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ఆలోచిస్తే అర్థమైంది. బీరువాల గది నాకు ఇష్టమే. అక్కడ ఎవరూ ఏదీ అడగరు. కానీ ఆ క్లాసు పోతుందంటే గుండెలో రాయి పడ్డట్టుంది. ఎందుకో నాకే తెలీదు.

నవ్వితే నవ్వు. కానీ ఏదన్నా సాయం చెయ్యి. ట్రైనింగు అయినదానివి కదా.

యోర్డిస్


గ్రాన్‌త్రెస్క్
20 ఫిబ్రవరి

నా బంగారు చెల్లీ,

నవ్వలేదు. అంటే, స్వెటరు దగ్గర కొంచెం నవ్వాను.

ఇందులో బెంగపడాల్సిందేం లేదు. పాఠం చెప్పడం అనేది పద్ధతి. పద్ధతి నా దగ్గరుంది. చెబుతాను, రాసుకో. పిల్లలు వచ్చేసరికి నువ్వు గుమ్మంలో ఉండాలి. ప్రతివాడితో చెయ్యి కలిపి పేరు అడగాలి. నువ్వు కూర్చోమనేదాకా అందరూ నిలబడాలి. అది ముఖ్యం, దాంతోనే సగం అల్లరి పోతుంది. పాఠం మొదట్లో ఒక పాట పాడించు. ఒక్కొక్కళ్ళనీ లేపి చెప్పింది తిరిగి చెప్పించు. సరిగ్గా చెప్పినవాడికి నోటుపుస్తకంలో బంగారు రంగు కాగితం నక్షత్రం అంటించు. నా దగ్గర ఇంకో మూడు పొట్లాలు మిగిలాయి, దీంతో పంపిస్తున్నాను.

ఈ పద్ధతిలో నేను ఈ ఊళ్ళో రెండు తరాలకి చదువు చెప్పాను. అందులో ఒకడు బ్యాంకు మేనేజరు. నువ్వు చెయ్యి, నెలలో ఆ మేరిత్ నీ వెనకాలే తిరుగుతుంది.

నీ అక్క


ఏకెస్టాడ్
8 మార్చి

వాల్‌బోర్గ్,

నీ నక్షత్రాలు తిప్పి పంపుతున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఈ వసంతంలో నాకు మంగళవారం ప్రయోగశాల క్లాసొకటి ఉంది. గుమ్మంలో నిలబడ్డాను. చెయ్యి కలిపాను. వాళ్ళు ఎవరైనా పోయారేమో అనుకున్నారు. "అందరూ నిలబడండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. వెనక నుంచి ఒకడు, "ఎందుకు? రాజుగారొస్తున్నారా?" అన్నాడు. పాట సంగతి నేను ఎత్తలేదు, నా పుణ్యం. ఒకమ్మాయిని లేపి చెప్పింది తిరిగి చెప్పమంటే, "నేను చిలకనా?" అంది. ఒక్కడు మాత్రం జవాబు చెప్పాడు. వాడి పుస్తకంలో నక్షత్రం అంటించాను. వాడు దాన్ని పీకి నుదుటికి అంటించుకుని మిగతా గంటంతా అలాగే కూర్చున్నాడు.

మర్నాడు పెద్ద మీటింగు పెట్టుకున్నారు. తీర్మానం చేసి గోడకి అంటించారు: నాచుల క్లాసు సైనిక శిబిరం కాదు. మేరిత్ కూడా అక్కడే ఉంది. నావైపు కోపంగా కూడా చూడలేదక్కా, జాలిగా చూసింది! దానికన్నా చెంపదెబ్బ నయం.

సంగతి విన్న టోర్గ్‌నీ చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఎవరి పాఠమో తెచ్చి చెప్పావు యోర్డిస్. నీది ఏది?" అన్నాడు. నాకేం తెలుసు నాది ఏదో!

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. పంతొమ్మిది వందల యాభై అయిదులో రెండు రోజులు రైల్లో ప్రయాణం చేసి ఇక్కడికొచ్చావు కదా. నా ఉపన్యాసానికి వచ్చి ఆఖరు వరసలో కూర్చున్నావు. తర్వాత కాఫీ తాగుతూ, "అద్భుతంగా చెప్పావే" అన్నావు. అంటే అప్పట్లో నేను బాగా చెప్పేదాన్నే కదా? మధ్యలో ఎక్కడో పోగొట్టుకున్నాను, అంతేనా? అలాగైతే మళ్ళీ తెచ్చుకోగలను.

యోర్డిస్


గ్రాన్‌త్రెస్క్
16 మార్చి

యోర్డిస్,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి పొయ్యిలో వేశాను. ఇది నాలుగోది.

ముందు నక్షత్రాల సంగతి. తప్పు నాది. నాకు ఏడేళ్ళ పిల్లలు తెలుసు. ఇరవై ఏళ్ళ వాళ్ళు ఎలా ఉంటారో ఏమీ తెలీదు. తెలీదని ఒప్పుకోకుండా పెద్ద పంతులమ్మలా చెప్పేశాను. నీకు చెప్పే అవకాశం ఇన్నేళ్ళకి దొరికింది కదా, ఆగలేకపోయాను.

ఇక నువ్వడిగింది. ఆ రోజు నీ ఉపన్యాసంలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "శుభోదయం" అన్నావు, అది అర్థమైంది. ఆ తర్వాత గంటసేపు బల్లమీద ఆ లాటిన్ పేర్లు రాసుకుంటూ పోయావు. నా పక్కనున్న అబ్బాయి కాగితం మీద ఓడ బొమ్మ గీస్తున్నాడు, అది మాత్రం చక్కగా గీశాడు. నువ్వు ఒక్కసారి వెనక్కి తిరిగి మావైపు చూసుంటే నా మొహం చూసి తెలిసిపోయేది. చూడలేదు.

అద్భుతం అని ఎందుకన్నానంటే, కొత్త కోటు కుట్టించుకుని, అంత దూరం వచ్చి, మా చెల్లెలు అంత పెద్ద హాలులో నిలబడి మాట్లాడుతుంటే గర్వంతో నా ఊపిరి ఆగిపోయింది. అది ఒక సగం. రెండో సగం, అర్థం కాలేదంటే "పంతులమ్మ ట్రైనింగుకి అంతే అర్థమవుతుందిలే" అని నువ్వు అనుకుంటావని భయం. అసూయ కూడా. ఆ హాలు నాది కావాల్సిందని నాకు ఉండేది. ఇప్పుడు లేదు. అప్పుడుండేది.

నువ్వు పోగొట్టుకున్నదేం లేదు చెల్లీ. నీకెవరూ నేర్పలేదు, నేనూ చెప్పలేదు. చెప్పుంటే పంతొమ్మిదేళ్ళ కిందటే బాగుపడేదానివేమో.

కోపం వస్తే రానీ. కానీ రాయడం మానకు.

వాల్‌బోర్గ్


ఏకెస్టాడ్
21 ఏప్రిల్

అక్కా,

అయిదు వారాలు రాయలేదు. కోపంతోనే. నీ ఉత్తరాన్ని బల్ల సొరుగులో బోర్లా పెట్టి, దాని మీద రాయి కూడా పెట్టాను. పంతొమ్మిదేళ్ళు ఆ "అద్భుతం" అన్న మాటని దాచుకున్నానే నేను! ఎవరేం అన్నా, మా అక్కకి మాత్రం నచ్చింది కదా అనుకునేదాన్ని.

ఈ గురువారం సిక్స్‌టెన్ క్లాసుకి వెళ్ళాను, జోడీని కదా. పాత రోమను చట్టం. ఒకడి తేనెటీగలు ఎగిరిపోయి ఇంకొకడి చెట్టు మీద వాలితే అవి ఎవరివి అన్నది విషయం. వినడానికి సరదాగానే ఉంది కదూ? పది నిమిషాల తర్వాత నాకు దారీతెన్నూ తెలీలేదు. పదకొండు పేజీలు రాసుకున్నాను, అందులో ఒక్క వాక్యం కూడా నాకు అర్థం కాలేదు. ఒక మాటకి అర్థం అడుగుదామని చెయ్యెత్తబోయాను. చెయ్యి లేవలేదక్కా! యాభై రెండేళ్ళదాన్ని, డాక్టరేటు ఉన్నదాన్ని. నా చుట్టూ ఉన్న పిల్లలందరికీ అర్థమైనట్టే ఉంది, నాకొక్కదానికే బుర్ర లేనట్టు. పాఠం అయ్యాక సిక్స్‌టెన్ చిన్నపిల్లాడిలా నా దగ్గరికొచ్చి, "ఎలా ఉంది?" అన్నాడు.

"చాలా బావుంది" అన్నాను. టకీమని వచ్చేసింది నోట్లోంచి.

బస్సెక్కి కూర్చున్నాక నీ మొహం గుర్తొచ్చింది. ఆ కొత్త కోటు గుర్తొచ్చింది, బొగ్గు రంగుది. మధ్యలో దిగిపోయి, నడిచి వెనక్కి వెళ్ళి, సిక్స్‌టెన్‌ని పట్టుకుని నిజం చెప్పాను. ఆయన చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత, "నీ వీపు సంగతి నేనూ చెప్పాలి కదా మరి, ఎలా చెప్పాలో తెలీక నెలరోజులుగా ఆగాను" అన్నాడు. ఇద్దరం బాదం ముద్ద పెట్టిన బన్నులు కొనుక్కుని తిన్నాం. ఈస్టరు ముందు చేసే బన్నులవి. పండగ అయిపోయింది, అయినా ఆ దుకాణంలో ఇంకా చేస్తున్నారు.

నీ మీద కోపం పోయింది. ఆ క్లాసు ఎందుకు పోకూడదో కూడా తెలిసింది. నాచులంటే నాకు ప్రాణం. ఇరవై ఏళ్ళు వాటిని పిల్లల ముందు పెట్టి, వాళ్ళకి చూపించకుండా నేనే చూసుకున్నాను. ఒక్కసారన్నా చూపించకుండా బీరువాల గదిలోకి పోవడం నాకు ఇష్టం లేదు.

పరీక్ష పాఠం మే పదహారున.

నీ యోర్డిస్


గ్రాన్‌త్రెస్క్
2 మే

చెల్లీ,

నీ ఉత్తరం అందాక కాసేపు ఏడ్చాను, తర్వాత వంటిల్లు కడిగాను. మంచు కరుగుతోంది, రోడ్డంతా బురదే.

ఈసారి సలహాలేం లేవు. నాకు తెలీదు. నీకేది బావుంటే అది చెయ్యి. పదహారున పొద్దున్న పది గంటలకి ఇక్కడ కాఫీ పెట్టుకుని నీ గురించి ఆలోచిస్తూ కూర్చుంటాను. అంతవరకు చేయగలను.

స్వెటరు మాత్రం కుట్టించుకో.

అక్క


ఏకెస్టాడ్
19 మే

అక్కా,

అయిపోయింది. ఏమైందో నాకే సరిగా తెలీదు. వరసగా చెబుతాను.

ఫారం పైన లక్ష్యం ఒక్క వాక్యంలో రాయాలి. "ఎనిమిది మంది విద్యార్థులు స్ప్రూస్ అడవిలోని ఆరు నాచుల్ని గుర్తుపట్టగలగాలి" అని రాశాను. టోర్గ్‌నీ, "ఇదిగో, ఇది వాక్యం" అన్నాడు. ఆరూ నీకు తెలిసినవే: గోడ నాచు, ఇంటి నాచు, దువ్వెన నాచు, చీపురు నాచు, ఎలుగు నాచు, తెల్ల నాచు. ఆ పేర్లతోనే చెబుదామనుకున్నాను, లాటిన్ తర్వాత. నల్లబల్ల వాడనే లేదు. ఒక పెద్ద బల్ల చుట్టూ అందర్నీ కూర్చోబెట్టి తలా ఒక భూతద్దం, తలా ఒక నీళ్ళ గిన్నె ఇచ్చాను. "పేరు నేను చెప్పను. ముందు చూడండి. కనిపించింది చెప్పండి" అన్నాను. మూల కెమెరా, దాని వెనక టోర్గ్‌నీ, సిక్స్‌టెన్.

అయిదు నాచులు పొద్దున్నే అడవికెళ్ళి తడిగా తెచ్చాను. గోడ నాచు మాత్రం నా పాత కవరులోంచి తీశాను. పంతొమ్మిది వందల యాభై రెండులో నేనే ఏరి, ఎండబెట్టి, పేరు రాసి పెట్టుకున్న కవరు. ఏటా పాఠానికీ పరీక్షకీ అదే వాడతాను. ముందు దాన్నే పంచాను.

అందరూ నీళ్ళలో ముంచి చూస్తున్నారు. మేరిత్ చూసింది, మళ్ళీ చూసింది. "యోర్డిస్, ఇది గోడ నాచని చెప్పబోతున్నావా?" అంది.

"నువ్వు చూసింది చెప్పు" అన్నాను.

"గోడ నాచుకి కాడ ఎర్రగా ఉండాలి. ఇది పచ్చగా ఉంది. ఆకుకి ఈనె ఉండకూడదు. దీనికి ఉంది." నా కవరు వైపు వేలు చూపించింది. "డిసెంబరు పరీక్షలో పదిహేడో బల్ల మీద ఉన్నదీ ఇదే కవరు. గోడ నాచు అనకుండా దీని అసలు పేరే అప్పుడూ రాశాను. ఎర్రగీత పెట్టావు."

అక్కా, పాత యోర్డిస్ అయితే ఏమనేదో నాకు తెలుసు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా: ఇరవై రెండేళ్ళ అనుభవం నాదా నీదా? మింగేశాను. ఆమె భూతద్దం అడిగి తీసుకున్నాను. ఒక ఆకు పీకి, నీళ్ళ చుక్కలో పెట్టి చూశాను. మళ్ళీ ఇంకో ఆకు. తర్వాత ఫిల్ములో లెక్కపెడితే నాలుగు నిమిషాలు అలా చూస్తూనే ఉన్నాను.

ఈనె ఉంది. మధ్యలో ఒక్కటే, సగం దాకా. అది గోడ నాచు కాదు. దాన్ని పోలి ఉండే దక్షిణాది నాచు, దాయాదనుకో. ఆ రోజు వాన వస్తోందని తడిపి చూడకుండా పేరు రాసేశాను. ఆ తర్వాత కవరు మీద నా చేతిరాతే ఉంది కాబట్టి, లోపల ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. నాచులు చదివేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇలాంటి తప్పు చేయలేరు!

"నువ్వు చెప్పిందే నిజం. పరీక్షలో తప్పు రాసింది నువ్వు కాదు, నేను" అన్నాను. కెమెరా తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఎవరికీ పాఠం గుర్తులేదు. అందరూ నా చుట్టూ మూగారు. ఎలా తెలిసింది, ఏది చూడాలి, రెండూ పక్కపక్కన పెట్టు, నాకు కనపడటం లేదు జరుగు, అని ఒకటే గోల. మొన్న నక్షత్రం నుదుటికి అంటించుకున్నవాడు బల్ల మీదికి ఎక్కి చూస్తున్నాడు. నేనూ వాళ్ళతో కలిసి చూస్తున్నాను. గంట కొట్టారు. అడవి నుంచి తెచ్చిన అయిదూ తడి కాగితంలో అలాగే ఉండిపోయాయి.

టోర్గ్‌నీ పైపు కొరుకుతూ వచ్చాడు. "ఆరింటిలో ఒక్కటి. అదీ నీ జాబితాలో లేనిది. లక్ష్యం చేరలేదని నేను రాయాలి యోర్డిస్. రాస్తాను" అన్నాడు. రాశాడు. రాసి, కిందనే సంతకం పెట్టాడు. "ఈ ఫారంలో తప్పు ఉంది, నీ పాఠంలో కాదు" అని గొణిగాడు. సిక్స్‌టెన్ చదవకుండానే పెట్టేశాడు. న్యాయశాస్త్రం వాడు, చూడు! మేరిత్ మాత్రం ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, "ఇంటికెళ్ళి ఆలోచించి రాస్తాను" అంది.

ఇంతటితో అయిపోలేదు. ఆ సాయంత్రమే డిసెంబరు జవాబు కాగితాలు బయటికి తీశాను. పదిహేడో బల్ల దగ్గర సరిగ్గా రాసింది ముగ్గురు. ముగ్గురికీ నేను ఎర్రగీతే పెట్టాను. మేరిత్‌కి పంతొమ్మిది మార్కులు. ఇప్పుడు ఇరవై. ఆమె పాసైంది.

మర్నాడు పొద్దున్నే విభాగాధిపతి గదికి వెళ్ళి ఉన్నదంతా చెప్పి మార్కులు మార్పించాను. ఇలాంటి సమయంలో ఆయన దగ్గరికెళ్ళి నా తప్పు నేనే చెప్పుకోవడం తెలివైన పని కాదని తెలుసు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇరవై రెండేళ్ళా?" అన్నాడు. అంతే. పాత కాగితాలు లేవు. ఆ పిల్లలందరికీ ఏం చెప్పను? అది మాత్రం బాధగా ఉంది.

ఇక మేరిత్‌కి నాతో పని లేదు. సంతకం పెట్టకపోయినా ఆమెకి పోయేదేం లేదు. క్లాసు పోయిందనే అనుకుంటున్నాను. వింత ఏమిటంటే, ఆ నలభై నిమిషాలు నా జన్మలో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాను.

యోర్డిస్


గ్రాన్‌త్రెస్క్
27 మే

యోర్డిస్,

నీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాను. కాఫీ పొంగిపోయింది.

నీ విషయం చదివాక నాకు నా సంగతి గుర్తొచ్చింది. పంతొమ్మిది వందల నలభై ఒకటిలో ఎల్వింగ్ అనే పిల్లాడు లెక్కలో నా తప్పు పట్టుకున్నాడు. వాడిదే సరైనదని తర్వాత తెలిసింది. అయినా ఆ రోజంతా మూల నిలబెట్టాను, తెలిశాక కూడా చెప్పలేదు. ఇప్పుడు పాల లారీ నడుపుతున్నాడు. నిన్న రోడ్డు మీద లారీ ఆపి చెప్పాను. "నాకసలు గుర్తే లేదు పంతులమ్మగారూ" అన్నాడు. నాకు గుర్తుంది కదా మరి. ఒక డబ్బా అడవి పళ్ళ జామ్ చేతిలో పెట్టి వచ్చాను.

సంతకం పడకపోతే వేసవికి ఇక్కడికి రా. పడినా రా. నీ మీద నాకు గర్వంగా ఉంది. ఈసారి అర్థమయ్యే చెబుతున్నాను.

అక్క


ఏకెస్టాడ్
6 జూన్

అక్కా,

నిన్న మేరిత్ ఎండుమొక్కల గదికి వచ్చింది. నేను ఆ కవరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరైనా ఒక నమూనాకి పేరు తప్పు రాశారని తెలిస్తే పాత చీటీ చింపకూడదు. దాన్ని అలాగే ఉంచి, పక్కన చిన్న చీటీ అంటించాలి. దాని మీద సరైన పేరు, కనిపెట్టినవాళ్ళ పేరు, తారీకు ఉంటాయి. తప్పూ ఉంటుంది, దిద్దిందీ ఉంటుంది. నూటయాభై ఏళ్ళుగా ఆ బీరువాల్లో చీటీలన్నీ పెద్దపెద్ద ప్రొఫెసర్లవే.

ఖాళీ చీటీ, నల్ల సిరా కలం ఆమె ముందు పెట్టాను.

"నేనా? నేను మొదటి ఏడాది దాన్ని" అంది.

"కనిపెట్టింది ఎవరు?" అన్నాను.

చేతులు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి రాసింది. ఎం. నూర్డ్‌వాల్, 1974. నా చేతిరాత పక్కనే అంటించాం. ఇద్దరం కాసేపు చూస్తూ కూర్చున్నాం. బావుందక్కా, నిజంగా.

వెళ్ళేముందు సంచిలోంచి ఫారం తీసి, మడత విప్పకుండానే బల్ల మీద పెట్టి గబగబా వెళ్ళిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు ఆగేదాకా నేను ముట్టుకోలేదు.

సంతకం ఉంది. దాని పైన ఒక ప్రశ్న ఉంటుంది: "ఈ పాఠంలో పూర్తికానిది ఏమిటి?" విద్యార్థే జవాబు రాయాలి. పాసైపోయిన పిల్ల, ఇక నా క్లాసులో అడుగు పెట్టాల్సిన అవసరమే లేని పిల్ల, ఇలా రాసింది:

"అయిదు నాచులు మిగిలిపోయాయి. ఆగస్టులో వస్తాను. నా కుర్చీ ఉంచమని యోర్డిస్‌కి చెప్పండి."

నీ చెల్లెలు
యోర్డిస్